రేపటి ఇండోర్ సీన్: ఫ్లికర్ (లైట్ల మినుకు) చూసుకోండి

కెమెరా టీమ్ అందరికీ, రేపు సీనంతా పాత ట్యూబ్‌లైట్ల కిందే. సెకనుకు 24 ఫ్రేముల్లోనే కదా అని షట్టర్‌ని (ఒక్కో ఫ్రేముకి ఎంతసేపు వెలుగు పడాలో చెప్పే కోణాన్ని) 180 డిగ్రీల దగ్గర వదిలేయకండి. 50 హెర్ట్జ్ కరెంటులో ఆ లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలీదు గానీ ఫుటేజీలో వెలుగు కదులుతున్నట్టు కనిపించొచ్చు. 172.8 డిగ్రీలు పెడితే ఎక్స్‌పోజర్ సరిగ్గా సెకనులో 50వ వంతు అవుతుంది, అంటే ప్రతి ఫ్రేములో సరిగ్గా రెండు మినుకులు పడతాయి, గొడవ ఉండదు.

డిమ్ చేసిన చవక ఎల్‌ఈడీలను మాత్రం ఈ లెక్కతో కూడా నమ్మలేం. టేక్‌లో ఉంచే స్థాయికే తగ్గించి టెస్ట్ రికార్డ్ చేయండి. పెద్ద మానిటర్‌లో ఆర్టిస్టు ముఖం కాదు, వెనక ఖాళీ గోడ చూడండి, చారలు అక్కడే తేలిగ్గా దొరుకుతాయి. స్లో మోషన్‌కి మళ్లీ విడిగా చూడాలి.

రేపటిది ఏడుపు సీను. మొదటి టేక్‌లో వచ్చింది మళ్లీ రాకపోవచ్చు, అది మన లైటు వల్ల పోకూడదు. గాఫర్ (లైటింగ్ హెడ్) గారూ, ఆర్టిస్టులు సెట్‌లోకి రాకముందే లైట్లు వేయించండి.