వార్తాలేఖ: ఆ సినిమా సంగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతికి ‘అవతార్’ సినిమా చూపించామని వాట్సాప్ గ్రూపులో నాలుగు రోజులుగా నడుస్తున్న చర్చ అంతా చదివాను. బడికి పంపేది సినిమాలకా అని ఒకరు, మావాడు రేపు అమెరికా పోవాల్సినవాడు, తెల్లవాళ్ల మీద ద్వేషం నూరిపోస్తే ఎట్లా అని ఇంకొకరు.

జరిగింది ఇది. తొమ్మిదో తరగతికి మూడు శనివారాలు, సాంఘికశాస్త్రం పీరియడ్లలో ‘అవతార్’ వేశాం. 2009లో జేమ్స్ కామెరాన్ తీసిన సినిమా. ఒక కంపెనీ పండోరా అనే చోటికి ఖనిజం కోసం పోతుంది. కిలో 2 కోట్ల డాలర్లు. అది కాస్తా అక్కడివాళ్లు కాపురముండే మహావృక్షం కింద ఉంటుంది. చెట్టు కూలుతున్నంతసేపూ క్లాసులో చప్పుడు లేదు. ఆ తర్వాత చివరి బెంచీలోంచి ఒకడు లేచి, “సార్, రాజు యాడ? ఆర్డరేసేది కంపెనీనా?” అన్నాడు.

నేను బోర్డు మీద 1800 అని రాశాను. ఆ ఏడాదే నిజాం కడప, అనంతపురం, బళ్లారి, కర్నూలులో కొంత భాగం ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. దేనికి? కంపెనీ నిజాం రాజ్యంలో ఉంచిన పటాలాల ఖర్చుకు. “అంటే కాపలా పెట్టేదీ వాళ్లే, కూలీ కింద ఊళ్లు రాయించుకునేదీ వాళ్లేనా సార్?” అంది ముందు బెంచీ అమ్మాయి. నేను ఇన్నేళ్లుగా గంటసేపు చెప్పే పాఠం ఆ పిల్ల ఒక్క వాక్యంలో తేల్చేసింది. అట్లా రాసిచ్చిన జిల్లాలకు పడిన దత్త మండలాలు అనే పేరు పోయి రాయలసీమ అనిపించుకోవడానికి 1928 నంద్యాల సభ దాకా ఆగాల్సి వచ్చింది మనం.

ద్వేషమే నేర్పాలనుకుంటే క్లాసులో సి.పి. బ్రౌన్ దొర పేరు ఎత్తేవాణ్నే కాదు. సినిమాలో హీరో కూడా కంపెనీ మనిషే. అక్కడి భాష నేర్చుకుంటాడు, వాళ్ల గుట్టు మొదట్లో కంపెనీకే మోస్తాడు. బ్రౌనూ కంపెనీ ఉద్యోగే. తెలుగు నేర్చుకుని, మన కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలు పరిష్కరింపజేశాడు, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఇద్దరినీ ఒకే గాటన కట్టొచ్చా? పిల్లలు పీరియడంతా కొట్లాడుకున్నారు, ఇంకా తెగలేదు. తెగకపోవడమే నాకు కావాల్సింది. “సినిమాలో వాళ్ల పెద్ద పక్షిని వాళ్లకంటే ఈ హీరోనే బాగా ఎక్కినాడెందుకు సార్, ఆ ఊళ్లో మగోళ్లే లేరా?” అని ఇంకో అమ్మాయి అడిగింది. సినిమాలో కంపెనీ సిపాయిల గురించి ఒక పిల్లోడు నోటుబుక్కులో ఇట్లా రాశాడు: “ఆ సిపాయిలు జీతానికి వచ్చినోళ్లే. మా నాయన కూడా జీతానికే కువైట్ పోయినాడు. కానీ ఆయన చేతిలో ఉండేది స్టీరింగు.” ఆ పుస్తకం నా టేబుల్ మీదే ఉంది, వచ్చి చూడండి.

సినిమా అనగానే ఉలిక్కిపడినవాళ్లు, రాత్రి పదకొండున్నరకు ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉందో కూడా కాస్త చూస్తే బాగుంటుంది. ప్రేయర్లో నిలబడే కునుకు తీసేవాళ్లను లెక్కపెట్టడం నేను మానేశాను. బడిలో సినిమా మధ్యలో ఆపి ప్రశ్న అడిగే టీచరు ఉన్నారు, దుప్పట్లో ఎవరున్నారు? అన్యథా భావించకండి.

ఎఫ్ఏ మార్కుల కార్డులు సంతకం పెట్టి పంపండి, బస్సు ఫీజు 10వ తేదీ లోపల, అపార్ (విద్యార్థి గుర్తింపు సంఖ్య) పత్రాలు ఇవ్వనివాళ్లు త్వరగా.

వచ్చే నెల సినిమా లేదు, భయపడకండి. హెచ్.జి. వెల్స్ రాయగా 1898లో పుస్తకంగా వచ్చిన అంగారకుల దండయాత్ర నవల ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ మొదటి అధ్యాయం చదివిస్తాను. లండన్ వైపు యంత్రాలు నడిచిరాకముందే, ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మానియా దీవి జనానికి తనవాళ్లు, అంటే యూరప్ నుంచి పోయినవాళ్లు, పట్టించిన గతిని ఆయన గుర్తు చేస్తాడు. 1953లో, 2005లో సినిమాలు తీసినవాళ్లు కథను అమెరికాకు మార్చుకున్నారు, అందుకే పుస్తకమే ముందు.

ఈ శనివారం తొమ్మిదో తరగతిని బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకెళ్తున్నాం. ఆయన బంగళా ఉన్న చోటే కట్టారు. ఊళ్లో పుట్టిన పిల్లలు, సినిమా హాళ్ల పేర్లన్నీ గడగడా చెప్తారు, ఆ గడప తొక్కినవాళ్లు క్లాసులో నలుగురు! ఇది నాకు నిజంగా బాధ. అనుమతి చీటీ డైరీలో అంటించాం. నీళ్ల సీసా, సద్ది పంపండి. ఫోను వద్దు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు, కడప