భోగాపురం దూరం ఆకాశంలో కాదు, రోడ్డు మీద

సంపాదకులకు,

విశాఖ విమానాలు భోగాపురం కొత్త విమానాశ్రయానికి మారితే హైదరాబాద్ ప్రయాణం ఎంత పెరుగుతుందన్న చర్చలో అందరూ ఆకాశం వైపే చూస్తున్నారు. అక్కడ పెరిగేది స్వల్పం. ఇప్పటి విశాఖ విమానాశ్రయం నుంచి శంషాబాద్‌కు నేరుగా గీత గీస్తే దాదాపు 510 కిలోమీటర్లు. భోగాపురం నుంచి మరో 30 పైచిలుకు. జెట్ విమానానికి అది రెండు మూడు నిమిషాల పని.

టికెట్ మీద కనిపించే గంటంపావు కూడా గాల్లో ఉండే సమయం కాదు. ఇక్కడ విమానం స్టాండ్ నుంచి కదిలింది మొదలు అక్కడ గేటు దగ్గర ఆగేదాకా వేసిన లెక్క అది. గాల్లో ఉండేది యాభై నిమిషాల నుంచి గంట. చలికాలంలో పైన పడమటి గాలి ఎదురొస్తుంది కాబట్టి వెళ్లేటప్పుడు కాస్త ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ. ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానమైతే వేగం గంటకు 500 కిలోమీటర్లే, ఇంకో పావుగంట కలుపుకోవాలి.

అసలు భారం నేల మీదే. ఇప్పుడు ఎన్ఏడీ కూడలి దాటితే విమానాశ్రయం వచ్చేస్తుంది. భోగాపురానికైతే హనుమంతవాక, మధురవాడ, ఆనందపురం, తగరపువలస దాటి 45 కిలోమీటర్ల దాకా వెళ్లాలి. ఉదయం 7 గంటల విమానమే తీసుకోండి. కౌంటర్లు సాధారణంగా గంట ముందే, అంటే ఆరింటికి మూసేస్తారు. సామాను అప్పగించేవారు ఐదున్నరకల్లా లోపల ఉండాలి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో నాలుగుంబావుకు బస్సు కదిలితేనే అది కుదురుతుంది. దిగాక సామాను తీసుకుని శంషాబాద్ నుంచి కూకట్‌పల్లి చేరేసరికి పది దాటుతుంది. మొత్తం ఆరు గంటలు! సికింద్రాబాద్‌కు వందేభారత్ తీసుకునేది దాదాపు ఎనిమిదిన్నర.

అందుకే ఆర్టీసీ ఇప్పుడే విమానాల వేళలను బట్టి బస్సులు వేయాలి. శంషాబాద్‌కు పుష్పక్ బస్సులు నడుస్తున్న పద్ధతి కళ్ల ముందే ఉంది. కాంప్లెక్స్ నుంచి ఒక మార్గం సరిపోదు. గాజువాక బస్సును గోపాలపట్నం, పెందుర్తి మీదుగా ఆనందపురం చేర్చితే మద్దిలపాలెం రద్దీ తప్పుతుంది. అనకాపల్లి వారికి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆరు వరుసల రోడ్డు ఉండనే ఉంది. పెట్టెలు పెట్టడానికి స్థలం లేని మామూలు సిటీ బస్సును పంపి, ఎవరూ ఎక్కడం లేదని రద్దు చేస్తే మాత్రం ప్రయోజనం లేదు.

రాత్రి చివరి బస్సును గడియారం చూసి పంపకూడదు. విమానం ఆలస్యమైతే బస్సు ఖాళీగా వెళ్లిపోతుంది, ప్రయాణికులు క్యాబ్‌ల వాళ్లు అడిగినంతా ఇచ్చుకోవాలి. చివరి విమానం దిగిన నలభై నిమిషాలకు బయలుదేరాలన్న నిబంధన పెడితే సామాను కోసం ఆగినవారికీ అందుతుంది.

మీరు విమాన వేళలు ప్రచురించేటప్పుడు పక్కనే కాంప్లెక్స్, గాజువాక, అనకాపల్లి నుంచి ఎన్నింటికి బయలుదేరాలో కూడా వేయగలరు.

— ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం