ఆ లైసెన్సుతో ఎక్కడపడితే అక్కడ ఎగరలేరు

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మన భీమవరం వైపు కుర్రాడొకడు అమెరికాలో అద్దె విమానం నడుపుతున్నాడని రాశారు. సంతోషమే. చివర్లో అతని అమెరికా పైలట్ లైసెన్సుతో ప్రపంచంలో ఎక్కడైనా ఎగరొచ్చని తగిలించారు చూశారూ, అక్కడే ఒళ్లు మండింది.

పైలట్ లైసెన్సు చెల్లేదీ లేనిదీ విమానం ఏ దేశంలో రిజిస్టరైందన్న దాన్ని బట్టి ఉంటుంది. దేశాల మధ్య విమానయానంపై 1944లో కుదిరిన షికాగో ఒప్పందం 32వ అధికరణం ప్రకారం ఆ దేశమే లైసెన్సు ఇవ్వాలి, లేదా వేరే దేశం ఇచ్చినదాన్ని చెల్లుతుందని ఒప్పుకోవాలి. మన విమానాల నంబరు ‘వీటీ’తో, అమెరికావాటిది ‘ఎన్’తో మొదలవుతుంది. ఆ అబ్బాయి సెలవులకొచ్చి, ఒట్టి అమెరికా లైసెన్సు చూపించి రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయంలో వీటీ విమానం లేపుతానంటే కుదరదు.

ఇక్కడి ప్రైవేటు లైసెన్సుతో అక్కడికి వెళ్లేవాళ్లకు మాత్రం ఓ దారి ఉంది. అది అసలుదేనని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ధ్రువీకరిస్తే, దాని ఆధారంగా అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ పైలట్ సర్టిఫికెట్ ఇస్తుంది. రాతపరీక్ష ఉండదు గానీ ఇంగ్లిష్ రావాలి, అక్కడి ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఎగిరి ఫ్లైట్ రివ్యూ (నైపుణ్య సమీక్ష) పూర్తి చేయాలి. ఇక్కడి లైసెన్సు చెల్లకపోతే అదీ చెల్లదు. డబ్బు తీసుకుని ఎవరినీ తిప్పకూడదు. సరదాకి ఎగరడమే.

మీ వార్త చదివి మా వీధిలో ఒకాయన కొడుకుని పంపడానికి అరెకరం బేరం పెట్టేశాడు. 40 గంటలు ఎగిరి ప్రైవేటు లైసెన్సు తెస్తే ఉద్యోగం ఖాయమట! ఉద్యోగానికి కమర్షియల్ లైసెన్సు కావాలి. మన దగ్గర దానికి కనీసం 200 గంటలు ఎగరాలి. విదేశంలో తెచ్చుకున్నా ఇక్కడ డీజీసీఏ పరీక్షలు రాసి మార్పించుకోవాలి. కన్సల్టెన్సీల వాళ్లు ఇవన్నీ విడమరిచి చెప్పరు, వాళ్ల బేరం వాళ్లది. మీకేమైంది?

నాయకుల సంగతి సరేసరి. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉందని వాళ్లకు ఓట్లప్పుడే గుర్తొస్తుంది. అక్కడ పిల్లలకు విమానం నేర్పిద్దామన్న ఆలోచన ఒక్కరికీ రాదు. రిబ్బన్ కత్తిరించడానికి మాత్రం కత్తెరలు జేబులోనే ఉంటాయి. ఒకప్పుడు పేపర్లో పడిందంటే రచ్చబండ మీద వాదన ఆగిపోయేది. ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగిందే మర్నాడు పేపర్లో కనిపిస్తోంది.

సవరణ వేయండి. మొన్నటి శీర్షిక ఎంత పెద్ద అక్షరాల్లో వేశారో అంతే పెద్దగా, మొదటి పేజీలో. వధూవరుల ప్రకటనల కింద ఇరికించకండి.

– ఒక పాఠకుడు, పాలకొల్లు