నేల అడుగు నగరాల కథలను పిల్లలకు దూరం చేయవద్దు

సంపాదకులకు నమస్కారం.

లోకం పాడైపోయాక మిగిలిన మనుషులు నేల అడుగున ఊళ్లు కట్టుకుని తలదాచుకునే నవలలు పిల్లలను బెదరగొడతాయనీ, వాటిని బడి గ్రంథాలయాల్లో ఉంచరాదనీ ఇటీవల ఒక పాఠకుడు మీ పత్రికకు రాశారు. కావలి ప్రాంతంలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఉపాధ్యాయురాలిగా ఆయనతో ఏకీభవించలేకపోతున్నాను. ఆశ్రయం ఇచ్చినవారు నిజం దాచిపెడితే అందులో ఉన్నవారి గతి ఏమిటన్న ప్రశ్నను పసివయసులోనే అడగనిచ్చే కథలివి.

జీన్ డుప్రా రాసిన ‘ది సిటీ ఆఫ్ ఎంబర్’ (2003) చూడండి. ఆ నగరానికి ఆకాశం లేదు. ఉన్న వెలుగంతా నది నీటితో తిరిగే జనరేటరు చలవే. పన్నెండేళ్లు వచ్చిన పిల్లలు సంచిలో చెయ్యి పెట్టి చీటీ తీసి, అందులో ఏ పని రాసి ఉంటే ఆ పనికి పోవాలి. బయటపడే దారి రాసిన కాగితాన్ని నగర నిర్మాతలు ఒక పెట్టెలో భద్రపరిచి, ఒక మేయరు నుంచి మరొక మేయరుకు అందేలా ఏర్పాటు చేస్తే, జబ్బుపడిన ఏడో మేయరు తన ప్రాణం కాపాడుకునే ఉపాయం అందులో ఉందేమోనని దాన్ని ఇంటికి పట్టుకుపోయి, తిరిగి చేర్చకుండానే కన్నుమూస్తాడు. కథాకాలం నాటికి గోదాములు ఖాళీ అవుతుంటాయి, దీపాలు ఆరిపోతుంటాయి, అప్పటి మేయరేమో డబ్బాల ఆహారాన్ని చాటుగా పోగేసుకుంటుంటాడు. చేత్తో పట్టుకుని నడవగలిగే దీపం ఆ ఊళ్లో ఒక్కటీ లేదు. అగ్గిపుల్ల, కొవ్వొత్తి ఎలా ఉంటాయో అక్కడివారికి తెలియదు కనుక వీధి దీపాల వెలుగు దాటి ఎవరూ పోలేరు. కాపలా లేకుండానే జనం కట్టుబడి ఉంటారు. రచయిత్రి ఈ ఒక్క వివరంతో ఎంత చెప్పారో తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

సముద్రం ఒడ్డు పల్లెల పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు వారికి అది పరాయిగా తోచలేదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను సంగతులు వారు ఇంట్లో పెద్దల నోట విన్నవే. మన ఆశ్రయం స్తంభాల మీద లేచిన తుఫాను షెల్టరు. అక్కడా తాళం ఎవరి చేతిలో ఉందో, పులిహోర పొట్లాలు ముందు ఏ వీధికి అందాయో పిల్లలు గమనిస్తూనే ఉంటారు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె లేచి, “డబ్బాలు అయిపోతున్నాయని ముందే చెప్పుంటే అందరం కాస్త కాస్త తినేవాళ్లం గదా టీచర్, దాచేదెందుకు?” అని అడిగింది. పౌరశాస్త్రం పాఠంలో నేను రాబట్టలేకపోయిన ప్రశ్న అది.

అన్ని కథలూ అన్ని వయసులకూ తగవన్న మాట మాత్రం ఒప్పుకోవలసిందే. సుజాన్ కాలిన్స్ ‘మాకింగ్‌జే’ (2010)లో యుద్ధ హింస చాలా ఉంది. తొమ్మిది, పది తరగతుల ముందు దాన్ని ఇవ్వకూడదు. అయితే అందులోని పదమూడో జిల్లా మరో రకం ఆశ్రయం. నేల కింద అందరికీ కొలిచి భోజనం పెడతారు, రోజంతా ఏ వేళకు ఏం చేయాలో పొద్దునే ముంజేతి మీద ముద్ర వేస్తారు, రొట్టె అదనంగా తీసుకున్నందుకు మనుషులను గొలుసులతో కట్టేస్తారు. దాపరికం వల్ల చెడిన ఊరినీ, క్రమశిక్షణ శ్రుతిమించిన ఊరినీ పక్కపక్కన పెట్టి మాట్లాడుకుంటే, ఆ వయసు పిల్లలు పెద్దలకు తీసిపోకుండా వాదిస్తారు.

మా వైపు శాఖా గ్రంథాలయాల్లో నేను చూసినంత వరకు పిల్లల బీరువాల్లో ఇటువంటి నవలలు తెలుగులో కనబడలేదు. అనువాదకులు, ప్రచురణకర్తలు ఈ పని తలకెత్తుకోవాలని కోరుతున్నాను. ఈలోగా మీ ఆదివారం పిల్లల పేజీలో ఇలాంటి కథలను పరిచయం చేసి, తమ ఊరి షెల్టరు తాళం, బియ్యం లెక్క ఎవరి దగ్గర ఉండాలో, ఎందుకో తీరప్రాంత బడుల పిల్లలనే రాసి పంపమని అడగండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కావలి, నెల్లూరు జిల్లా.