మోదుగాకు కప్పు

బిడ్డా,

నువ్వు చేసి పంపిన మట్టి కప్పు పగలకుండా చేరింది. మీ అమ్మ దాన్ని దేవుడి గూట్లో పెడతానంది. నేను వద్దని అందులోనే చాయ్ పోయించుకున్నాను. వారం నుంచి రోజూ తాగుతున్నాను కాబట్టి చెబుతున్నా, అలగకు.

పచ్చి మట్టి మీద మోదుగాకు అద్ది ఈనెలు లేపిన తీరు చాలా బాగుంది. లోపలివైపు ఎందుకు అద్దావు మరి? చాయ్ మడ్డి ఆ గీతల్లో చేరి, పీచుతో ఎంత రుద్దినా పోవడం లేదు. అదే ఆకు బయట ఉంటే వేళ్లకు పట్టు దొరికేది. మీ నాయినమ్మ కుండ మెడ చుట్టూ గోటితో గంట్లు పెట్టేది, గుర్తుందా? అందరూ సోకు అనుకునేవాళ్లు. తడిచేతిలో కుండ జారకుండా ఉంటుందని పెట్టేది.

మూతి కూడా మందమైంది. చివరి గుటక గడ్డం మీదికి కారుతోంది. కుమ్మరి సారె మీది నుంచి తీసే ముందు తడిగుడ్డతో మూతిని ఒకసారి సన్నగా లాగు.

పిడి మొదట్లో వెంట్రుకంత పగులుంది. కప్పు ఆరాక పచ్చి పిడి అతికించి ఉంటావు. పచ్చిది ఎక్కువ కుంచించుకుంటుంది కదా. రెండూ ఒకే తీరు ఆరినప్పుడు అతికించి, తడిగుడ్డ కప్పి నీడలో పెట్టు. తొందర నాకూ ఉండేది. నీకు మూడేళ్లప్పుడు బోనాల ముందు ముసురు పట్టింది. కుండలు పైకి ఆరినట్టే కనిపిస్తే కాల్చడానికి ఆవం పెట్టేశాను. లోపలి తడి ఆవిరై, అర్ధరాత్రి పటపటా పేలాయి. నలభైలో పదకొండు మిగిలాయి. మీ తాత ఒక్క మాట అనలేదు. తెల్లారి పెంకులు ఏరి, దంచి, మళ్లీ మట్టిలో కలిపాడు.

మీ కరెంటు బట్టీ 1200 డిగ్రీలు దాటుతుందన్నావు. మన చెరువు మట్టి ఆ వేడికి ఆగదు, కూలిపోతుంది. మన ఆవం 700, 800 దగ్గరే. అందుకే మన కుండ చెమర్చి నీళ్లు చల్లబరుస్తుంది. నీ కప్పు చెమర్చదు, చాయ్‌కి అదే కావాలి.

దసరాకు వచ్చేటప్పుడు నువ్వు వాడే ఆ ప్యాకెట్ మట్టి రెండు కిలోలు తీసుకురా, నేనూ సారె మీద పెట్టి చూస్తాను. పానగల్లు ఉదయసముద్రం చెరువు దిక్కు తంగేడు అప్పటికి పూస్తుంది, దాని ఆకులు చిన్నవి, గురిగి లాంటి చిన్న కుండ మీద బాగా దిగుతాయి.

మీ అమ్మకు పిడి లేని గ్లాసు కావాలట. ఈ కప్పు మాత్రం నేనివ్వను.

మీ నాయిన