సామూహిక వంటకు బస్తీ కమ్యూనిటీ హాలు తెరవండి

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కరించి విన్నవించుకుంటున్నాను. సికింద్రాబాద్ అడ్డగుట్టలో మా గల్లీకి చెందిన తొమ్మిది కుటుంబాల ఆడవాళ్లం కొన్నేళ్లుగా ఒకే పొయ్యి మీద కలిసి వండుకుంటున్నాం. 2020 లాక్‌డౌన్‌లో పనులు పోయినప్పుడు ఎవరింట్లో మిగిలిన బియ్యం, పప్పు వారు తెచ్చి ఒకచోట పోసుకోవడంతో ఇది మొదలైంది. పనులు మళ్లీ దొరికాక కూడా మేము దీన్ని మానలేదు.

మా పద్ధతి తమకు కాస్త వివరంగా చెప్పాలి. రేషన్ దుకాణంలో ఇచ్చే బియ్యంలోంచి ఇంట్లో మనుషుల లెక్కన ప్రతి కుటుంబం తన వంతు తెస్తుంది. పప్పుకు, నూనెకు, కూరగాయలకు వారానికోసారి డబ్బు పోగుచేసుకుని, సాయంత్రం మోండా మార్కెట్‌లో దుకాణాలు సర్దే వేళకు వెళ్లి టమాటా, వంకాయ ఒక్కసారే ఎక్కువగా కొంటాం. రోజుకు ముగ్గురి వంతు. అంతకుముందు ఆరింటికల్లా ఇళ్లలో పనికి బయలుదేరే మనిషి నాలుగున్నరకే లేచి పొయ్యి వెలిగించాల్సి వచ్చేది. ఇప్పుడు ఆమెకు ఆ కష్టం మూడు రోజులకు ఒకసారే. పప్పు గంజు దించగానే అందరి టిఫిన్ డబ్బాలూ వరుసగా వచ్చి కూర్చుంటాయి. కొలతకు మా దగ్గర ఒక సొట్టపోయిన స్టీలు గ్లాసు ఉంది. పెద్దవాళ్లకు నిండా, పిల్లలకు సగం అని మొదటి వారంలో పెట్టుకున్న లెక్కే నేటికీ నడుస్తోంది. మాంసం మాత్రం ఎవరింట్లో వారే వండుకుంటారు.

మరో మాట కూడా దాచకుండా చెప్పాలి. మొదటి నెలల్లో ఒకరి చేతి అన్నం మరొకరు తినడానికి వెనకాడిన ఇళ్లు మా గల్లీలోనూ ఉన్నాయి. ఎవరూ ఎవరికీ నచ్చచెప్పలేదు. వంతులు తిరుగుతూ పోయేసరికి ఆ సంకోచం దానంతటదే పోయింది. నా మటుకు నాకు, మిగిలిన డబ్బు కంటే ఇదే పెద్ద సంగతి.

నగరంలో 2014 నుంచి నడుస్తున్న అయిదు రూపాయల భోజనం ఎంతమంది కూలీల కడుపు నింపిందో నేను కళ్లారా చూశాను. 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లుగా మారి ఉదయం టిఫిన్ కూడా మొదలైనందుకు సంతోషిస్తున్నాను. అయితే అది ఇంటికి దూరంగా, రోడ్డు మీద ఉన్న మనిషికి ఆసరా. బడికి వెళ్లే పిల్లల డబ్బాకు, మంచం దిగలేని అత్తమ్మకు, రాత్రి పూట ఇంటిల్లిపాదికీ అన్నం ఇంటి దగ్గరే కావాలి. కెనడాలోని మాంట్రియల్‌లో 1980 దశకంలో మొదలైన సామూహిక వంటశాలల్లో చిన్న బృందాలుగా చేరి, ఏం వండాలో కలిసి నిర్ణయించి, కలిసి కొని, వండినది పంచుకుని ఇళ్లకు తీసుకెళ్తారు. పెరూ రాజధాని లిమాలో 1970 దశకం చివర పేదవాడల ఆడవాళ్లు ఇలాగే వంతులవారీగా వండి కుటుంబాలను నిలబెట్టుకున్నారు. ఆ వంటశాలలకు అక్కడి ప్రభుత్వం 1991లో చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చింది. మేము కోరేదీ ఆ గుర్తింపే.

గుర్తింపు లేకపోవడం వల్ల మాకు ఎదురవుతున్న ఇబ్బందులు ప్రధానంగా రెండు. మొదటిది చోటు. మేము వండేది ఒక ఇంటి ముందు రేకుల కింద. గట్టి వాన పడితే ఆ రోజు వంట లేనట్టే. నాలుగు అడుగుల దూరంలో నీళ్లు, కరెంటు ఉన్న కమ్యూనిటీ హాలు పెళ్లిళ్లకు, మీటింగులకు తప్ప ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసి ఉంటుంది. తెల్లవారుజామున మూడు గంటల సేపు ఇవ్వండని అడిగితే, ఫంక్షన్ల లెక్కన రోజు అద్దె కట్టాలన్నారు. రెండోది గ్యాస్. గృహ వినియోగపు 14.2 కిలోల సిలిండర్ కనెక్షన్ ఒక్కో కుటుంబానికే ఇస్తారు. ఇన్ని ఇళ్లు కలిసి వండితే 19 కిలోల వాణిజ్య సిలిండర్ తీసుకోవాలంటారు. మేము ఒక్క ముద్ద కూడా అమ్మడం లేదు. మా బృందంలో ఉన్న వలస కుటుంబానికైతే కనెక్షనే లేదు. మాతో కలవక ముందు వాళ్లు చిన్న సిలిండర్‌లో కిలో లెక్కన ఎక్కువ ధరకు గ్యాస్ పోయించుకునేవారు.

కాబట్టి తమరు చేయదగినది ఖర్చుతో కూడిన పని కాదు. పట్టణ సమాజాభివృద్ధి కార్యక్రమం మన హైదరాబాద్‌లో 1967లోనే మొదలైంది. దాన్ని చూసే విభాగం కింద నేటికీ బస్తీ బస్తీకీ మహిళా సంఘాలు ఉన్నాయి. సామూహికంగా వండుకునే బృందాలను ఆ సంఘాల ద్వారా నమోదు చేసి, కమ్యూనిటీ హాలును తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు వరకు అద్దె లేకుండా వాడుకోనివ్వాలని ఉత్తర్వు ఇవ్వండి. నమోదైన బృందానికి గృహ వినియోగపు ధరకే గ్యాస్ అందేలా పౌర సరఫరాల శాఖ ద్వారా కేంద్రానికి, చమురు సంస్థలకు రాయండి. బోయినపల్లి మార్కెట్‌లో పాడైపోయిన కూరగాయల నుంచి తీసిన బయోగ్యాస్‌తో అక్కడి క్యాంటీన్ వంట సాగిన సంగతి తమకు తెలిసిందే. అలాంటి ఏర్పాటు పెద్ద బస్తీలకు పనికివస్తుందేమో అధికారులతో పరిశీలింపజేయండి, కానీ దానికోసం హాలు తాళం తీయడం మాత్రం ఆపవద్దు.

మృగశిర కార్తెతో వానలు మొదలవుతాయి. ఆలోగా ఉత్తర్వు వస్తే ఈ ఏడాది మా పొయ్యి తడవకుండా ఉంటుంది. పరిశీలనకు ఎవరినైనా పంపదలచుకుంటే ఉదయం అయిదున్నరకు పంపండి. ఏడు దాటితే మేమెవరమూ ఇళ్ల దగ్గర ఉండము.

ఇట్లు,
అడ్డగుట్ట బస్తీ సామూహిక వంట బృందంలో ఒక సభ్యురాలు