మా నోట్‌బుక్‌లు పాడుచేసి పైగా "బిల్డ్ సక్సెస్" అంటారా?

సపోర్ట్ టీమ్ వారికి నమస్తే,

మా పైథాన్ లైబ్రరీ డాక్యుమెంటేషన్ అంతా మీ సర్వీస్‌లోనే పెట్టుకున్నాం, అదీ పెయిడ్ ప్లాన్‌లో. ట్యుటోరియల్స్ అన్నీ జూపిటర్ నోట్‌బుక్‌లే, అంటే కోడ్ ముక్కలు (సెల్స్), వాటి అవుట్‌పుట్‌లు కలిసి ఉండే ఫైళ్ళు. గిట్‌లోకి పుష్ చేస్తే చాలు, స్ఫింక్స్ అనే డాక్యుమెంటేషన్ టూల్‌తో వెబ్ పేజీలుగా మార్చి (అదే బిల్డ్) మేమే పబ్లిష్ చేస్తాం అని మీరన్నారు కదా అని తీసుకున్నాం. మొన్న కొత్త వెర్షన్ రిలీజ్ చేశాక ఒక యూజర్ "గ్రాఫ్ ఏదండీ, ఇక్కడ ఎర్రగా ఏదో ఉంది" అని మెసేజ్ పెట్టేదాకా మాకు సంగతే తెలీదు.

తీరా లాగ్ తీసి చూస్తే, మేం సేవ్ చేసి పంపిన అవుట్‌పుట్‌లన్నీ మీ బిల్డర్ తుడిచేసి, ప్రతి సెల్‌నీ మీ సర్వర్ మీద మళ్ళీ రన్ చేస్తోంది. క్యారేజీ కట్టి పంపిస్తే అది పారబోసి, పొయ్యి లేని చోట మళ్ళీ వంట మొదలెట్టినట్టుంది. ఫెయిలైంది మోడల్‌ని తయారుచేసి జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మీదకి పంపే సెల్, మీ దగ్గర జీపీయూనే లేదు, ఇంకెలా నడుస్తుంది? సరే ఫెయిలైంది, అక్కడితో ఆగొచ్చుగా, ఆగలేదు, ట్రేస్‌బ్యాక్ (పైథాన్ ఇచ్చే ఎర్రర్ రిపోర్ట్) మొత్తం పేజీలో పెట్టేసి, కింద మోడల్‌ని వాడే ప్రతి సెల్‌కీ ఆ పేరే తెలీదంటూ "నేమ్ ఎర్రర్" వరసగా పేర్చి, డాష్‌బోర్డ్‌లో మాత్రం పచ్చ టిక్ వేశారు.

చాట్‌లో అడిగితే స్ఫింక్స్ సెట్టింగ్‌లుండే కాన్ఫ్ ఫైల్‌లో, నోట్‌బుక్‌లని రన్ చేయాలా వద్దా అని చెప్పే ఎగ్జిక్యూట్ సెట్టింగ్ "నెవర్" అని పెట్టుకోండి అన్నారు. బాబూ, అది మొదట్నుంచీ ఉంది, మీ బిల్డరే దాన్ని ఓవర్‌రైడ్ చేస్తోంది! అసలు నోట్‌బుక్‌లని పేజీలుగా మార్చే స్ఫింక్స్ ఎక్స్‌టెన్షన్ ఎన్‌బీస్ఫింక్స్ డిఫాల్ట్‌గానే అవుట్‌పుట్ ఉన్న నోట్‌బుక్ జోలికి పోదు, ఏమీ లేనివాటినే రన్ చేస్తుంది. నోట్‌బుక్ అంటే ఒక జేసన్ ఫైలే, గ్రాఫ్ బొమ్మ కూడా అందులోనే బేస్64లో (అక్షరాలుగా మార్చి) ఉంటుంది, ఉన్నది ఉన్నట్టు చూపిస్తే సరిపోయేది.

మా సెట్టింగ్‌ని ముందు గౌరవించండి. సెల్ ఫెయిలైతే బిల్డ్ ఫెయిల్ అని చెప్పి పాత పేజీనే ఉంచండి, కావాలని ఎర్రర్ చూపించాలంటే దానికి "రెయిజెస్ ఎక్సెప్షన్" ట్యాగ్ ఉంది, అది మేం పెట్టుకుంటాం. ఇక మేం అడగని ఈ రన్‌లకి కట్ చేసిన బిల్డ్ నిమిషాలు వెనక్కి వేయండి, ఈ నెల బిల్లు వచ్చేలోపే.